అల్ సూఫీ: చుక్కల పేర్లు చెదిరిపోకుండా చూసిన మనిషి

మీ పెళ్ళి రోజు ఒకసారి గుర్తు చేసుకోండి. తాళి, తలంబ్రాలు అయ్యాక పంతులు గారు మీ ఇద్దరినీ మండపం బయటికి తీసుకెళ్ళి, ఆకాశం వైపు వేలు చూపించి, అరుంధతి కనిపించిందా అని అడిగి ఉంటారు. మీరు కనిపించిందనే చెప్పి ఉంటారు. ముహూర్తం పగలు పదకొండు గంటలకైనా, పైన ఫంక్షన్ హాల్ రేకుల షెడ్డు ఉన్నా, అందరం కనిపించిందనే చెప్తాం. ఫొటోగ్రాఫర్ తొందర ఆయనది, పంతులు గారి తొందర ఆయనది.

అరుంధతి నిజంగా ఉంది. సప్తర్షి మండలం తోకలో మూడు చుక్కలుంటాయి. వాటిలో నడిమిది వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని, కళ్ళు చికిలిస్తే గానీ కనిపించని చిన్న చుక్క అరుంధతి. ఈ నెలలో తెల్లవారుజామున 5 గంటలకు లేస్తే ఉత్తరం వైపు బాగా పైకి వచ్చి ఉంటుంది.

ఈ చుక్క గురించి వెయ్యేళ్ళ కిందట ఇరాన్‌లో ఒకాయన రాసిపెట్టాడు. అరబ్బులు దీన్ని సుహా అంటారని, చూపు బాగుందో లేదో పరీక్ష చేసుకోవడానికి దీన్ని వాడతారని రాశాడు. సుహా అంటే పట్టించుకోకుండా వదిలేసినది అని దగ్గర అర్థం. మనం దాంపత్యానికి గుర్తుగా చూపించే చుక్కను వాళ్ళు కంటి పరీక్షకు వాడుకున్నారు. ఇంత చిన్న చుక్కకు ఏ జనం ఏ పేరు పెట్టుకున్నారో అడిగి తెలుసుకుని పుస్తకంలో ఎక్కించాలని తోచిన ఆ మనిషి పేరు అబుల్ హుసేన్ అబ్దుర్ రహ్మాన్ అల్ సూఫీ. ఈ నెల మీకు పరిచయం చేస్తున్నది ఆయన్నే. మీ పిల్లల సైన్స్ పుస్తకంలో ఉన్న ఆల్డెబరాన్, రైజెల్, బీటెల్‌జూస్ లాంటి పేర్లు ఎవరో ఇంగ్లిష్ వాళ్ళు పెట్టినవి కావు. అవి అరబ్బీ మాటలు. అవి మన దాకా చేరడంలో ఈయన పాత్ర చాలా పెద్దది.

అల్ సూఫీ 903లో రే నగరంలో పుట్టాడు. ఇప్పుడు ఆ ఊరు ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో కలిసిపోయింది. మన బీరంగూడ నిన్నమొన్నటి దాకా ఊరుగా ఉండి, కళ్ళ ముందే హైదరాబాద్‌లో కలిసిపోతున్నట్టు అనుకోండి. ఆయన పుట్టిన గడ్డ మీద జనం మాట్లాడేది పారశీకం. పండితులు రాసుకునేది అరబ్బీ. ఆకాశం గురించి చదవాలంటే మూలగ్రంథం గ్రీకుది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో టాలెమీ రాసిన ఆ గ్రంథం తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అరబ్బీలోకి వచ్చింది. ఇల్లు ఒక భాష, చదువు ఒక భాష, శాస్త్రం ఇంకో భాష. మన పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉదయం స్కూల్ బస్సు దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడం, ఒడియా అన్నీ వినిపిస్తాయి. బస్సెక్కాక ఇంగ్లిష్ మొదలవుతుంది.

ఆయన కాలానికి చుక్కలు తెలిసినవాళ్ళు రెండు రకాలుగా ఉండేవాళ్ళు. మొదటివాళ్ళు టాలెమీ పుస్తకం చదువుకున్నవాళ్ళు. ఆకాశాన్ని 48 బొమ్మలుగా విడగొట్టి, వెయ్యికి పైగా చుక్కల స్థానాలను అంకెల్లో రాసిన పుస్తకం అది. అందులో చాలా చుక్కలకు పేర్లంటూ లేవు. చేప నోట్లో ఉన్న చుక్క, కోడి తోక మీది చుక్క, సింహం గుండె మీది చుక్క అని గుర్తులే ఉంటాయి. రెండోవాళ్ళు ఎడారి అరబ్బుల సంప్రదాయం తెలిసినవాళ్ళు. వాళ్ళకు పుస్తకం లేదు. ఒంటెలు తోలుకుంటూ, వానకోసం ఎదురుచూస్తూ, రాత్రిళ్ళు దారి వెతుక్కుంటూ పెట్టుకున్న పేర్లు వాళ్ళవి. ఆ పేర్లలో చాలావరకు పాటల్లో, సామెతల్లో బతికాయి.

అల్ సూఫీకి రెండు వర్గాల మీదా కోపమే. పుస్తకం చదివినవాళ్ళు ఆకాశం చూడరు. పుస్తకంలో అంకెలు చూసి లోహపు గోళం మీద చుక్కలు గుచ్చుకుని, అదే ఆకాశం అనుకుంటారు. పుస్తకం నకలు తీసినవాడు అంకె తప్పు రాస్తే గోళం మీద చుక్క కూడా తప్పు చోటికే వెళ్తుంది. ఆ గోళం చూసి నేర్చుకున్నవాడు బయటికి వచ్చి తలెత్తితే ఏ చుక్క ఏదో చెప్పలేడు. ఇక రెండోవాళ్ళు, అరబ్బుల పేర్లు కంఠస్థం చేసిన సాహిత్య పండితులు, పేరు చెప్తారు కానీ వేలు పెట్టి చూపించలేరు.

దీనికి ఆయన చూసిన ఉదాహరణ ఒకటుంది. దీనవర్ అనే ఊళ్ళో అబూ హనీఫా అని గొప్ప పండితుడు ఉండేవాడు. అల్ సూఫీ పుట్టడానికి కొన్నేళ్ళ ముందే పోయాడు. మొక్కల మీద ఆయన రాసిన గ్రంథానికి ఇప్పటికీ పేరుంది. అరబ్బుల చుక్కల పేర్ల మీద కూడా పెద్ద పుస్తకం రాశాడు. అల్ సూఫీ ఇబ్న్ అల్ అమీద్ అనే మంత్రితో కలిసి దీనవర్ వెళ్ళినప్పుడు, ఆ పండితుడు డాబా ఎక్కి ఆకాశం చూసేవాడని చెప్పిన ఇంట్లోనే బస చేశాడు. ఆ తర్వాత ఆయన పుస్తకం శ్రద్ధగా చదివి ఒక నిర్ణయానికి వచ్చాడు. అరబ్బుల పేర్లను పోగు చేయడంలో ఆ పుస్తకాన్ని మించింది లేదు. కానీ చుక్కల విషయంలో రాసినవాడి ఆధారం కళ్ళకన్నా చెవులే. మెచ్చుకోవలసింది మెచ్చుకున్నాడు, తప్పు తప్పని రాశాడు. పోయినవాళ్ళ గురించి మనం మామూలుగా ఈ రెండిట్లో ఒకటే చేస్తాం.

ఆ ఇబ్న్ అల్ అమీద్ పనిచేసింది బూయీ వంశపు కొలువులో. ఆ వంశంలోని యువరాజు అదుద్ అల్ దౌలా 949లో పదమూడేళ్ళ వయసులో, అంటే మన ఎనిమిదో క్లాసు పిల్లాడి వయసులో, షీరాజ్ రాజధానిగా ఉన్న ఫార్స్ రాజ్యానికి ప్రభువయ్యాడు. అతనికి చుక్కలు నేర్పిన గురువు అల్ సూఫీ. ఇద్దరి మధ్యా ముప్పై మూడేళ్ళ తేడా. ఆ కుర్రాడు పెద్దయ్యాక బాగ్దాద్‌ను కూడా గెలిచి, అక్కడ పేరుమోసిన ఆసుపత్రి కట్టించాడు. షీరాజ్ దగ్గర నది మీద ఆనకట్ట కట్టించాడు. అంత ప్రభువైనా తన గురువుల పేర్లు గొప్పగా చెప్పుకునేవాడట: వ్యాకరణం ఫలానావారి దగ్గర, పంచాంగ గణితం ఫలానావారి దగ్గర, స్థిర నక్షత్రాలు అల్ సూఫీ దగ్గర నేర్చుకున్నానని. ఏ టీచర్‌కైనా ఇంతకన్నా ఏం కావాలి అని నాకనిపిస్తుంది. మా స్టాఫ్ రూమ్‌లో ఈ మాట చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అల్ సూఫీ తన పుస్తకాన్ని 964లో పూర్తి చేసి, ఆ శిష్యుడికే అంకితమిచ్చాడు. స్థిర నక్షత్రాల బొమ్మల పుస్తకం అని చెప్పుకోవచ్చు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు.

ఆ పుస్తకం ఎలా ఉంటుందో చెప్తాను. ఒక్కో నక్షత్ర మండలానికి ఒక్కో అధ్యాయం. ముందుగా టాలెమీ చెప్పిన చుక్కలు ఒక్కొక్కటే తీసుకుంటాడు. ఇది నేను చూశాను, టాలెమీ చెప్పినంత వెలుగు లేదు, కొంచెం తక్కువ. ఇది ఆయన చెప్పిన చోట లేదు. దీని పక్కన ఇంకోటి ఉంది, ఆయన రాయలేదు. ఇలా సాగుతుంది. చుక్కల వెలుగును ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కపెట్టే పద్ధతి అప్పటికే ఉంది. అల్ సూఫీ అన్నిటినీ మళ్ళీ తన కళ్ళతో తూచి, మధ్య రకాలను కూడా గుర్తించాడు. టెలిస్కోప్ పుట్టడానికి ఆరున్నర వందల ఏళ్ళ ముందు, ఒట్టి కంటితో చేసిన పని ఇది. ఆ తర్వాత అదే మండలంలో అరబ్బులు ఏ చుక్కను ఏమంటారో, ఎందుకంటారో రాస్తాడు. చివర బొమ్మలు, పట్టిక.

ఒక్కో మండలానికి బొమ్మలు రెండు. ఒకటి ఆకాశంలో మనకు కనిపించినట్టు, రెండోది గోళం మీద చెక్కినట్టు. తేడా ఏమిటంటే, ఆకాశాన్ని మనం లోపలి నుంచి చూస్తాం, గోళాన్ని బయటి నుంచి చూస్తాం. కుడి ఎడమలు మారిపోతాయి. అంబులెన్స్ ముందు అక్షరాలు తిరగేసి రాస్తారు చూడండి, ముందు వెళ్ళే బండి అద్దంలో సరిగ్గా కనిపించడానికి. అదే లెక్క. గోళం చూసి నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో తెలిసిన టీచర్ కాబట్టే రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాడు. ఈ బొమ్మల కోసం ఆయన గోళం మీద పల్చటి కాగితం పరిచి, రూపురేఖలు దించుకున్నాడని తర్వాతి తరం మహా పండితుడు అల్ బీరూనీ రాశాడు. మన పిల్లలు ఇండియా మ్యాప్ ట్రేసింగ్ పేపర్ మీద దించుకున్నట్టే.

ఆయన పనిలో లోటు కూడా చెప్పాలి. చుక్కల స్థానాలను ఆయన మళ్ళీ కొలవలేదు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగడం వల్ల 72 ఏళ్ళకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చుక్కల లెక్క జరుగుతుంది. ఆ కాలపువాళ్ళ లెక్క 66 ఏళ్ళకు ఒక డిగ్రీ. ఆయన టాలెమీ అంకెలన్నిటికీ 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపేసి ఊరుకున్నాడు. పుస్తకాన్ని నమ్మి ఆకాశం చూడనివాళ్ళను అంతలా తిట్టిన మనిషి, ఇక్కడ మాత్రం పుస్తకాన్నే నమ్మాడు. వెయ్యి చుక్కలు మళ్ళీ కొలవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు కావచ్చు. అయినా షార్ట్‌కట్ షార్ట్‌కట్టే.

పేర్ల దగ్గర మాత్రం ఆయనకు సాటి లేదు. గ్రీకు గుర్తు ఇది, అరబ్బు పేరు ఇది అని రెండూ ఒకే చుక్క పక్కన పెట్టాడు. గ్రంథం గొప్పది కదా అని ఒంటెలవాళ్ళ పేర్లు కొట్టేయలేదు. జనం మాట కదా అని గ్రంథాన్ని పక్కన పెట్టలేదు. ఈ రెండు పాయల నుంచే నేటి నక్షత్రాల పేర్లు చాలావరకు వచ్చాయి.

మొదటి పాయ, గ్రీకు గుర్తులకు అరబ్బీ అనువాదాలు. ఫమ్ అల్ హూత్ అంటే చేప నోరు, అదే ఇప్పటి ఫోమల్‌హాట్. దనబ్ అంటే తోక. కోడి తోక మీది చుక్క డెనెబ్ అయింది, సింహం తోక మీది చుక్క డెనెబోలా అయింది. ఆ డెనెబోలా మన ఉత్తర ఫల్గుణి. రిజ్ల్ అంటే కాలు, అదే రైజెల్. రెండో పాయ, అరబ్బుల సొంత పేర్లు. దబరాన్ అంటే వెనకాలే వచ్చేది. కృత్తికల వెనకే ఉదయిస్తుంది కనుక ఆ పేరు. అదే ఆల్డెబరాన్, మన రోహిణి. మనవాళ్ళు దాని ఎర్రటి రంగు చూసి రోహిణి అన్నారు, చంద్రుడి ముద్దుల భార్యను చేశారు. వాళ్ళు దాని నడక చూసి పేరు పెట్టారు. ఒకే చుక్క. అరబ్బుల ఆకాశంలో రెండు గద్దలుండేవి. రెక్కలు ముడుచుకుని కిందికి వాలే గద్ద, వాకి. రెక్కలు చాచి ఎగిరే గద్ద, తాయిర్. మొదటిది నోళ్ళలో నలిగి వేగా అయింది, మన అభిజిత్తు. రెండోది ఆల్టేర్ అయింది, మన శ్రవణం.

వీటన్నిటిలో నాకిష్టమైన కథ బీటెల్‌జూస్‌ది. అరబ్బీలో అది యద్ అల్ జౌజా, జౌజా చెయ్యి. జౌజా అంటే మృగశిర దగ్గర నిలబడ్డ పెద్ద రూపం. యద్ అంటే చెయ్యి. మీ వీధిలో ఉర్దూ చదవగలిగినవాళ్ళుంటే అడిగి చూడండి: మాట మొదట్లో యే అక్షరానికి కింద రెండు చుక్కలు, బే అక్షరానికి ఒక్క చుక్క. యూరప్‌లో అనువాదం చేసినవాళ్ళు ఒక చుక్క తక్కువగా చదివారు. య పోయి బ వచ్చింది. ఆ పొరపాటు ఏడెనిమిది వందల ఏళ్ళుగా ఆకాశంలో వెలుగుతూనే ఉంది. మన ఆర్ద్రా నక్షత్రం అదే. డిక్టేషన్‌లో ఒక చుక్క తప్పు పోతే మీ అమ్మాయికి అర మార్కు పోతుంది. అక్కడ ఏకంగా పేరే మారిపోయింది.

ఇంకో సంగతి మన రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. అరబ్బులకు అన్వా అనే లెక్క ఉండేది. చంద్రుడి దారిలోని 28 విడిదులను బట్టి ఏడాదిని సుమారు పదమూడేసి రోజుల ముక్కలుగా చేసి, ఏ ముక్కలో వాన పడుతుంది, ఎప్పుడు ఎండ ముదురుతుంది అని చెప్పుకునేవాళ్ళు. మనకు కార్తెలు ఉన్నట్టే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ, మృగశిర రాగానే నాంపల్లిలో చేప మందు, ఆ తర్వాత ఆర్ద్ర వాన. మన 27 నక్షత్రాలకు, వాళ్ళ 28 విడిదులకు దగ్గర చుట్టరికం కనిపిస్తుంది. మన అశ్విని చోట వాళ్ళకు షరతాన్, భరణి చోట బుతైన్, కృత్తిక చోట సురయ్యా, రోహిణి చోట దబరాన్. సురయ్యా అన్న పేరు మీకు కొత్త కాదు. మన క్లాసుల్లోనే ఉంటారు. పాత హిందీ సినిమాల సురయ్యాను మీ నాన్నగారి తరం మర్చిపోయి ఉండదు. ఆ పేరుకు అర్థం కృత్తికలని మాత్రం చాలామందికి తెలియదు. అలాగే సుహైల్. మనం అగస్త్యుడంటాం, వాళ్ళు సుహైల్ అంటారు. ఉత్తరాన ఉన్న రే నగరంలో అది దిక్చక్రాన్ని అంటుకుని ఒకటి రెండు డిగ్రీల ఎత్తులో ఉంటుంది, షీరాజ్‌లో కాస్త మేలు. బీరంగూడ నుంచి మనకు సుమారు 20 డిగ్రీల ఎత్తున హాయిగా కనిపిస్తుంది. ఈ ఒక్క చుక్క విషయంలో మన డాబా ఆయన డాబా కన్నా మంచిది.

అదే పుస్తకంలో చిన్న ప్రస్తావన ఒకటుంది. అరబ్బులు ఊహించుకున్న పెద్ద చేప నోటి దగ్గర ఒక చిన్న మబ్బు తునక ఉందని రాశాడు, బొమ్మలో చుక్కలు చుక్కలుగా గుర్తు పెట్టాడు. అంతే. అది ఆండ్రోమెడా గెలాక్సీ. మన పాలపుంత బయట, సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వేరే నక్షత్ర లోకం. దాని గురించి మనకు దొరుకుతున్న మొదటి రాత ఇదే. టెలిస్కోప్‌లో దాన్ని చూసి వర్ణించింది 1612లో. అది పాలపుంతకు బయటిదని ఎడ్విన్ హబుల్ తేల్చింది 1920లలో. అల్ సూఫీకి అదేమిటో తెలియదు. చుక్కలా లేదు, మబ్బులా ఉంది అని కనిపించింది కనిపించినట్టు రాశాడు.

ఆయన ఊరికే కూర్చోలేదు. షీరాజ్‌లో పెద్ద లోహపు కడియం లాంటి పరికరంతో సూర్యుడి ఎత్తు కొలిచాడు. ఆస్ట్రోలేబ్ అనే పరికరం వాడకం మీద పెద్ద గ్రంథం రాశాడు. శిష్యుడైన ప్రభువు కోసం వెండితో ఒక నక్షత్ర గోళం చేశాడు. అది 1043లో ఈజిప్టులోని కైరో గ్రంథాలయంలో ఉన్నట్టు ఒకాయన చూసి చెప్పాడు. బరువు 3,000 దిర్హమ్‌లు, మన లెక్కలో సుమారు 9 కిలోలు. 3,000 బంగారు దీనార్లకు కొన్నారట. ఆ తర్వాత దాని జాడ లేదు. 983లో శిష్యుడు పోయాడు. మూడేళ్ళకు, 986లో షీరాజ్‌లో గురువు కన్నుమూశాడు. అప్పటికి ఎనభై దాటాయి. ఆయన కొడుకు కూడా చుక్కల మీద పద్యాల్లో ఒక పుస్తకం రాశాడు.

వెండి గోళం పోయింది, కాగితం మిగిలింది. పదమూడో శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ ఈ పుస్తకాన్ని పారశీకంలోకి తెచ్చాడు. అదే శతాబ్దంలో స్పెయిన్ రాజు అల్ఫోన్సో కొలువులో దీన్ని ఆధారం చేసుకుని అక్కడి భాషలో నక్షత్ర గ్రంథం తయారైంది. పదిహేనో శతాబ్దంలో సమర్‌కండ్ పాలకుడు ఉలుగ్ బేగ్ చుక్కల స్థానాలన్నీ కొత్తగా కొలిపించాడు, అంటే అల్ సూఫీ వదిలేసిన పని పూర్తి చేశాడు. సమర్‌కండ్ నుంచి కనిపించని 27 దక్షిణపు చుక్కలకు మాత్రం అల్ సూఫీ లెక్కనే తీసుకున్నాడు. తన గ్రంథాలయం కోసం అల్ సూఫీ పుస్తకాన్ని అందమైన బొమ్మలతో రాయించుకున్నాడు కూడా. ఆ ప్రతి ఇప్పుడు ప్యారిస్‌లో ఉంది. లాటిన్ పండితులు ఆయన్ని అజోఫీ అన్నారు. చంద్రుడి మీద ఒక బిలానికి ఆ పేరుంది.

ఇక మన ఇంటి దగ్గరి విషయం. ఈ పుస్తకం అరబ్బీ మూలం 1954లో పరిష్కరించి అచ్చయింది. ఎక్కడో తెలుసా? హైదరాబాద్‌లో. ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో మొదలై, పాత అరబ్బీ చేతిరాత గ్రంథాలను వెతికి అచ్చువేయడమే పనిగా పెట్టుకున్న సంస్థ. ప్యారిస్‌లోని ఆ ఉలుగ్ బేగ్ ప్రతిని ఆధారం చేసుకుని, ఇంకా పాత ప్రతులతో పోల్చి, బొమ్మలతో సహా వాళ్ళు తెచ్చారు. ప్రపంచంలో అల్ సూఫీ మీద పరిశోధన చేసినవాళ్ళు ఆ తర్వాత హైదరాబాద్ ప్రతి అని దాన్నే చూపిస్తూ వచ్చారు. పటాన్‌చెరులో కోఠి బస్సెక్కి మధ్యలో ఒకసారి మారితే చేరే చోట ఆ పని జరిగింది. మనలో చాలామందిమి ఉస్మానియాకు పరీక్షలు రాయడానికి, సర్టిఫికెట్ల కోసం వెళ్ళాం. ఈ సంగతి నాకూ మొన్నమొన్నటి దాకా తెలియదు.

అంతకు ముందే నగరంలో ఇంకో పని జరుగుతుండేది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా అబ్జర్వేటరీ అయింది. ప్రపంచ దేశాలు పంచుకుని మొత్తం ఆకాశానికి ఫొటోలు తీసి పట్టిక వేస్తున్నప్పుడు ఒక వాటా హైదరాబాద్ తీసుకుంది. అక్కడ లక్షల చుక్కలు లెక్కకెక్కాయి. అంతటి లెక్కలో పేర్లకు చోటుండదు, నంబర్లే.

పేర్ల కథ మాత్రం ఆగలేదు. ఏ చుక్కకు ఏ పేరు, ఏ స్పెల్లింగ్ అని ఖాయం చేయడానికి అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016లో ఒక బృందాన్ని పెట్టింది. ఆల్డెబరాన్, వేగా లాంటి పేర్లు అధికారికం అయ్యాయి. 2017లో రేవతి, భరణి అన్న మన పేర్లు కూడా రెండు చుక్కలకు ఖాయమయ్యాయి. ఆ పేర్లు పంచాంగాల్లో రాసి ఉన్నాయి కనుక చేరాయి. రాసిపెట్టని పేర్ల సంగతి వేరు.

మన ఊళ్ళలో కృత్తికలను పిల్లలకోడి అంటారు. తల్లికోడి చుట్టూ పిల్లలు మూగినట్టు ఉంటుంది కాబట్టి. మృగశిర దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలు గొర్రుకొయ్యలు. గొర్రుతో విత్తనం వేసిన చేతులు పెట్టుకున్న పేరది. విదర్భ గోండులు ఆ చుక్కల్లోనే నాగలిని చూస్తారు. సప్తర్షుల్లో నాలుగు చుక్కలు వాళ్ళకు ఒక ముసలమ్మ మంచం, తోకలోని మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. ఈ పేర్లు మీ అబ్బాయి ఫోన్‌లోని స్కై యాప్‌లో లేవు. పోయిన నెల ఏడో క్లాసులో అడిగితే ఓరియన్ బెల్ట్ అని అందరూ ఒక్కసారే చెప్పారు. గొర్రుకొయ్యలు అన్నది ఒక్క అమ్మాయే. వాళ్ళ తాతయ్య చెప్పాడట. మన ప్రాంతానికి ఫ్యాక్టరీల పని మీద శ్రీకాకుళం నుంచి, జహీరాబాద్ నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ కుటుంబాల పెద్దవాళ్ళకు తెలిసిన పేర్లు ఎన్ని ఉన్నాయో మేం లెక్కపెట్టలేదు. అల్ సూఫీ అయితే ముందు అదే పని చేసేవాడు.

సంక్రాంతి సెలవుల్లో ఊరు వెళ్తారు కదా. రాత్రి 8 గంటలకు డాబా ఎక్కండి. సరిగ్గా నెత్తి మీద కృత్తికల గుంపు, దాన్ని ఆనుకుని తూర్పు వైపు ఎర్రటి రోహిణి, ఇంకా కిందికి మూడు చుక్కల వరస, దానికి ఒక పక్కన ఎర్రగా ఆర్ద్ర, ఇంకో పక్కన నీలంగా రైజెల్. పది గంటలు దాటాక దక్షిణం వైపు కిందుగా ఒంటరిగా మెరిసేది అగస్త్యుడు. ఊరు వెళ్ళనివాళ్ళకు బీరంగూడ గుట్ట మీద మల్లికార్జున స్వామి గుడి దగ్గర నుంచి కూడా ఇవన్నీ కనిపిస్తాయి, హైవే లైట్లు ఉన్నా సరే. ఆ మబ్బు తునక మాత్రం ఇక్కడ కనిపించదు. నర్సాపూర్ అడవి వైపు చీకట్లోకి వెళ్ళాలి, అదీ చీకటి పడగానే, పడమటి వైపు.

పక్కన అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టుకోండి. యాప్ కాసేపు మూసేసి, వాళ్ళు ఏ చుక్కను ఏమంటారో, ఎందుకంటారో మీ పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి. ఏ భాషైనా ఫరవాలేదు. పేరుతో పాటు చెప్పినవాళ్ళ ఊరు రాయాలి, చుక్క ఎక్కడుందో చిన్న బొమ్మ వేయాలి. బొమ్మ లేకపోతే పేరు ఏ చుక్కదో మాకు తెలియదు, అబూ హనీఫా పుస్తకంతో వచ్చిన ఇబ్బందే వస్తుంది. స్కూల్ తెరిచిన వారంలో క్లాస్ టీచర్‌కు ఇస్తే చాలు. సైన్స్ ల్యాబ్ బయటి గోడ మీద నల్ల చార్టు అంటించి ఉంచాం. ఇప్పటికి దాని మీద ఉన్నవి పిల్లలకోడి, గొర్రుకొయ్యలు, ఒక చిన్న సుహా.